తలపట్టీ అమ్మే అమరనాథ్

హూడిలో ఒక హోటల్ హాల్లో, శనివారం మధ్యాహ్నం, అమరనాథ్ స్టేజీ మీద నిలబడి ఏకాగ్రత అమ్ముతున్నాడు.

తమ కంపెనీ తలపట్టీ నుదుటికి కట్టుకుంటే సన్నని కరెంటు మెదడుకి అందుతుందట. దాంతో బద్ధకం, దిగులు, మతిమరుపు, మేనేజరు మీద కోపం అన్నీ తగ్గుతాయట. మేనేజరు మీద కోపం సంగతి అతనే సొంతంగా కలిపాడు. దానికి చప్పట్లు బాగా పడతాయి.

"ఎవరైనా వాలంటీర్?"

మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. బయటి వానకి జుట్టు తడిసి ఉంది. పట్టీ ఆమె నుదుటికి కడుతూ అమరనాథ్ బట్టీపట్టిన వాక్యం ఒకటి మరిచిపోయాడు.

"ఎలా ఉంది మేడం? ఫోకస్ పెరిగిందా?"

"చాలా పెరిగింది సార్," అందామె మైకులో. "మీరు స్విచ్ ఆన్ చెయ్యలేదని కూడా తెలుస్తోంది."

హాలు గొల్లుమంది. అమరనాథ్ అమ్మకాల నవ్వు ఒకటి ముఖాన అతికించుకున్నాడు.

"దీన్ని ఎవరి మీద పరీక్షించారు?" అని అడిగిందామె.

"మా ఆఫీసులో అందరం పెట్టుకున్నాం మేడం."

"అందరికీ ఫోకస్ వచ్చిందా?"

"వచ్చింది."

"మరి స్విచ్ ఎవరు మరిచిపోయారు?"

ఆమె మెళ్ళో వేలాడే కార్డు మీద సహన అని ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మెదడు మీద పరిశోధన చేస్తోందట. కన్నవాళ్ళు ఏ ధైర్యంతో ఆ పేరు పెట్టారో అనుకున్నాడు అమరనాథ్.

ఆనేకల్‌లో ఇంటికి వెళ్ళేసరికి అమ్మ రామక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాన్న పోయాక ఆమె మగ్గం ముందు కూర్చోవడం మానేసింది. తర్వాత తిండి తగ్గింది, ఆ తర్వాత మాట. మందులు మార్చినా పెద్దగా తేడా లేదు. కొడుకు తెచ్చిన పట్టీని మాత్రం రోజూ పొద్దున్నే కట్టుకునేది.

"దీంతో ఏమన్నా బాగుందామ్మా?"

"నువ్వు తెచ్చినావు గదప్పా. కట్టుకుంటా ఉండా," అంది.

లోకానికంతా అమ్మిన మాటని ఇంట్లో అమ్మ నమ్మకుండానే మోస్తోంది. ఆ రాత్రి అమరనాథ్ కంచం ముందు ఊరికే కూర్చున్నాడు. సోమవారం అమ్మని ఆ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు సౌమ్య కేసు చూసి, మందులకు లొంగని దిగులు మీద ఒక పరిశోధన జరుగుతోందని చెప్పి, పక్క గదికి పంపింది. అక్కడ సహన ఉంది.

"పట్టీ కట్టలేదా సార్ అమ్మగారికి?"

"కట్టాను," అన్నాడు అమరనాథ్. "అందుకే ఇక్కడికి వచ్చాను."

సహన ఇంకో చురక సిద్ధం చేసుకున్నట్టే ఉంది గానీ, రామక్క ముఖం చూసి మింగేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఇది తలకి ఆనించి పెడతాం. అయస్కాంతం లాంటిది. టకటకమంటుంది, మీరు మెలకువగానే ఉంటారు. కోతా, మత్తూ ఏమీ లేవు. కానీ ఇది పరీక్ష. కొందరికి నిజంగా పనిచేసే యంత్రం పెడతాం, కొందరికి శబ్దం మాత్రమే చేసేది. ఎవరికి ఏదో నాకూ తెలియదు."

"మా అమ్మకి నిజందే పెట్టించండి మేడం, ప్లీజ్," అన్నాడు అమరనాథ్.

"కుదరదు సార్."

"పోనీ, తగ్గుతుందని అయినా చెప్పండి."

"అదీ చెప్పలేను. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. శబ్దం యంత్రం వచ్చినవాళ్ళకి, కావాలంటే, తర్వాత నిజందీ పెడతాం."

ఇలా మాట్లాడితే వీళ్ళ దగ్గరికి జనం ఎందుకొస్తారనుకున్నాడు. చూస్తే బయట కుర్చీలు ఖాళీగా లేవు.

ముందు అందరికీ చేసినట్టే, బలం సరిచూడడానికి నిజం యంత్రాన్ని తలమీద ఒకచోట ఆనించి మీట నొక్కగానే రామక్క బొటనవేలు ఎగిరింది.

"ఇదేందమ్మా, నా వేలు దానంతటదే ఎగురుతా ఉండాది," అంది. నెలల తర్వాత ఆమె నోట వచ్చిన పెద్ద మాట అదే.

అమరనాథ్ రోజూ అమ్మని తెచ్చి, గది బయట ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. సహన అతని కంపెనీ ప్రకటనలు పైకి చదివి నవ్వేది. ఆమె పరిశోధన వ్యాసం పేరు చదవడానికే పట్టీ కట్టుకోవాలని అతను ఎత్తిపొడిచేవాడు. ఒకరోజు కాఫీకి పిలిచాడు.

"మీ అమ్మగారు మా పరీక్షలో ఉన్నంతవరకూ వద్దు," అంది సహన. తర్వాత, "వద్దనే అన్నాను. ఇష్టం లేదనలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఒక ఉదయం అమరనాథ్ చేసిన ఉప్మా నోట్లో పెట్టుకుని రామక్క ముఖం చిట్లించింది.

"ఉప్పు యాడ పెట్టి మరిసినావురా? మనిషి తినేదేనా ఇది?"

అమరనాథ్ పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంతోషం పట్టలేక ఆఫీసులో యజమాని దేవరాజ్‌కి కూడా చెప్పాడు. అదే పొరపాటయింది.

తర్వాతి వారం సహన ఫోను ముందుకు పెట్టి చూపించింది. కంపెనీ ప్రకటనలో రామక్క, నుదుట పట్టీ. కింద 'అమ్మ మళ్ళీ నవ్వింది' అని ఉంది. ఎప్పుడో అమరనాథ్ ఆఫీసు గ్రూపులో పెట్టిన ఫోటో అది. అందులో అమ్మ నవ్వలేదు. నవ్వు కంప్యూటర్‌లో తగిలించారు.

"నేను వెయ్యలేదు మేడం."

"ఫోటో తీసింది?"

"నేనే."

"పెద్దమునియప్పగారు మూడు రోజులుగా రావడం లేదు," అంది సహన. పరీక్షకి వచ్చి, అమ్మ పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయన ఆయన. "వాళ్ళబ్బాయి ఇది చూసి పట్టీ కొన్నాడట. మందులు కూడా ఆపేశారట. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మీరు బయటే కూర్చోండి సార్. నాతో మాట్లాడొద్దు."

అమరనాథ్ నేరుగా ఆఫీసుకి వెళ్ళాడు.

"ఆసుపత్రిదీ కరెంటే, మనదీ కరెంటే బాస్," అన్నాడు దేవరాజ్. "కాన్సెప్ట్ ఒకటే కదా."

"ప్రకటన తీసెయ్యండి."

"సేల్స్ చూశావా నువ్వు?"

శనివారం అదే హోటల్ హాల్లో, వెనక తెర మీద అమ్మ నవ్వుతుండగా అమరనాథ్ మైకు అందుకున్నాడు. "ఈవిడ మా అమ్మ. ఈ పట్టీ వల్ల కుదుటపడలేదు. ఆసుపత్రిలో వైద్యం చేయిస్తున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా దిగులుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందులు ఆపకండి." దేవరాజ్ మైకు కట్ చేయించాడు. ఉద్యోగమూ అక్కడితో ఆగింది.

కానీ పెద్దమునియప్పని తిరిగి వైద్యానికి తీసుకొద్దామంటే ఆయన ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు. ఇంటికొచ్చి అమ్మనడిగాడు.

"ఆయప్పది బొమ్మసంద్ర. పిండిమర పక్క సందు. కోడలిది మాలూరు. ఆయమ్మకి మోకాలు నొప్పంట," అంది రామక్క. ఈ మధ్య ఆమెకి అందరి సంగతులూ తెలుసు.

సోమవారం ఉదయం అమరనాథ్ ఒక చేత్తో అమ్మనీ, ఇంకో చేత్తో పెద్దమునియప్పనీ పట్టుకుని మెట్లెక్కుతుంటే సహన చూసింది. వెనక ఆయన కొడుకు తలవంచుకుని వస్తున్నాడు.

"ఏం చెప్పి తెచ్చారు?"

"నేను అబద్ధం అమ్మానని చెప్పాను. వాళ్ళబ్బాయి రెండుసార్లు తలుపేశాడు. మూడోసారి అమ్మ మాట్లాడింది."

సహన వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. ఒకటి పెద్దాయనకిచ్చి, రెండోది అతనికిచ్చింది.

పరీక్షలు ముగిశాక, ఎవరికి ఏ యంత్రం పెట్టారో లెక్కలు విప్పారు. రామక్కకి పెట్టింది నిజమైన యంత్రమే. పెద్దమునియప్పకి పెట్టిందీ నిజందే. అయినా ఆయనకి పెద్దగా తగ్గలేదు. సౌమ్య ఆయనకి వేరే వైద్యం మొదలుపెట్టింది. సహన ఆ రెండు సంగతులూ వ్యాసంలో పక్కపక్కనే రాసింది.

అమరనాథ్ బొమ్మసంద్రలో మోటారు పంపుల కంపెనీలో చేరాడు. పంపు నీళ్ళు తోడుతుంది, లేదా తోడదు. మధ్యలో అబద్ధానికి చోటు తక్కువ.

ఒక ఆదివారం జోరువానలో తలుపు చప్పుడయింది. గుమ్మంలో సహన, చేతిలో తడిసిన గొడుగు.

"మీ అమ్మగారి ఫైలు నిన్నటితో మూసేశారు," అంది.

"ఏదైనా సంతకం కావాలా మేడం?"

"ఇన్నాళ్ళు ఎలా అమ్మారండీ మీరు," అని నిట్టూర్చింది సహన. "కాఫీ తాగుదామని వచ్చాను. మీరంటే నాకు ఇష్టమని కూడా చెప్పాలా?"

అమరనాథ్ ఆమె గొడుగు అందుకున్నాడు. జవాబు లోపలి నుంచి వచ్చింది.

"ఎవరురా అది? ఆ పాపనా? వానలో నిలబెట్టినావేందిరా, బుద్ధి లేదా నీకి?" రామక్క మగ్గం దిగి వచ్చి, సహన తల తుండుగుడ్డతో తుడిచింది. "మీది ఏ ఊరమ్మా?"

"చింతామణి దగ్గరమ్మా."

"మన తట్టేలే. మీ నాయనతో నేను మాట్లాడతా. వీడు అడిగేటికి సంవత్సరం పడతాది."

అమరనాథ్ ఏదో అనబోయాడు. ఇద్దరూ వినలేదు. సహన రామక్క ఫోను తీసుకుని, తండ్రి నంబరు తనే నొక్కి, అవతల మోగుతుండగా ఆమె చెవికి ఆనించింది.