మేనేజరు కాలికి బీమా

కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. సోఫాల మేస్త్రి ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే దిగివచ్చి షట్టరు ఎత్తాడు. రోజూ అతని కంటే ముందే మెట్లు దిగి గుమ్మం దగ్గర గోనెపట్టా మీద చేరే కుక్క మాత్రం రాలేదు. ఏ పనీ చెయ్యకుండా, చేసేవాళ్ళని గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటుందని దానికి మేనేజరు అని పేరు పెట్టింది అతనే. తల ఎత్తి చూస్తే, మేనేజరు పై మెట్టు మీద వెనక కుడికాలు గాల్లో పెట్టి నిలబడి ఉంది.

మోకాలి లిగమెంటు తెగిందన్నాడు పశువుల డాక్టరు. ఆపరేషన్ చెయ్యకపోతే ఆ కాలు ఇక నేలకి ఆనదన్నాడు. ఖర్చెంతో మేస్త్రి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. అది అతని మూడు నెలల కష్టం.

కూతురు మాత్రం నిబ్బరంగా ఉంది. మందుల షాపులో బిల్లులు కొట్టే ఆ పిల్ల, మూడేళ్ళుగా తన జీతంలోంచి కుక్కకి బీమా కడుతోంది. అప్పట్లో మేస్త్రి పెద్ద రభసే చేశాడు. తనకే లేని బీమా దానికెందుకు, దాన్ని నమ్ముకుని పెళ్ళాంబిడ్డలున్నారా అని వెటకారం ఆడాడు. ఆరో తరగతిలో బడి మానేసినవాడు కదా, ఫారాలంటే భయమనుకుని తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు. చదువు లేనివాడి మీద ఏ కారణమైనా ఇట్టే అతుకుతుంది.

క్లెయిము పంపిన పది రోజులకి బీమా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. కూతురు వర్క్‌షాపులోనే నిలబడి చదివింది. పాలసీ తీసుకోవడానికి ఏడాది ముందే, సోఫా ఫ్రేము పడి అదే కాలికి దెబ్బ తగిలినట్టు యజమానే చెప్పాడని డాక్టరు రిపోర్టులో ఉందట. పాత దెబ్బకి పైసా ఇవ్వరట.

చెప్పిన మాట నిజమే. ఎవరు సోఫా తెచ్చినా మేస్త్రి ముందు పాత దెబ్బలు అడుగుతాడు. ఎక్కడ విరిగింది, ఎవరు మేకు కొట్టారు. అవి చెప్పందే చెయ్యి వెయ్యడు. డాక్టరు కూడా అదే ప్రశ్న అడిగేసరికి, అలవాటైన నోరు ఉన్నదంతా చెప్పేసింది.

"అప్పుడు కాలు తలుపు సందులో కాస్త నలిగిందన్నావు కదా నాన్నా," అంది కూతురు.

మేస్త్రి నోటినిండా మేకులున్నాయి. ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకున్నాడు.

"నా చేతిలోంచే జారింది. దాన్ని చంటిపిల్లలా చూసుకునేదానివి. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

"పాత దెబ్బలేవీ లేవని ఫారంలో రాసింది నేను. కాస్త నలిగిందనే అనుకున్నాను, ఫ్రేము పడిందని నాకు తెలీదు. నీకు తెలిసీ పక్కనే కూర్చున్నావు."

మధ్యలో భార్య అందుకుంది. డాక్టరు మంచివాడే, ఆ ఒక్క ముక్క పొరపాటున పడిందని మార్చి రాయమంటే రాస్తాడు, వెళ్ళి అడగమంది.

"అడగను. ఇంట్లో నాలుగేళ్ళు దాచాను. అక్కడొక్కచోటే ఉన్నమాట చెప్పాను. దాన్ని కూడా తుడిపించమంటావా?"

"నీ ఉన్నమాట కోసం అది జీవితాంతం కుంటాలా?" అంది కూతురు.

"కుంటదు," అని మేస్త్రి పనిసంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

కూతురు వెనకాలే వెళ్ళింది. తండ్రి డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడేమో, ఆ దృశ్యం చూడాలేమో అని దారంతా ఆమెకి భయం. అతను డాక్టరు గదిలోకి కూడా వెళ్ళలేదు. డాక్టర్నే వెయిటింగ్ హాల్లోకి పిలిచి, గోళ్ళకి చిరిగి స్పాంజి బయటపడ్డ ఇరవై కుర్చీలూ చూపించాడు.

"ఇవన్నీ కొత్తవి చేసిస్తాను. పులి గీకినా చిరగని రెక్సిన్ వేస్తా. నా కూలి ఆపరేషన్‌లో తగ్గించుకోండి, మిగిలింది నెలనెలా కడతాను. కుదరదంటే చెప్పండి, ఇంకో డాక్టరు దగ్గర కూడా కుర్చీలుంటాయి."

డాక్టరు చిరిగిన సీటొకటి తడిమి చూసి, రంగు మాత్రం తను ఎంచుకుంటానన్నాడు.

లోపల ఆపరేషన్ జరుగుతున్న రోజు మేస్త్రి హాల్లో నేల మీద కూర్చుని పాత మేకులు పీకుతున్నాడు. కూతురు సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇక బీమా ఆపేస్తాను నాన్నా. మూడేళ్ళు కట్టిందంతా దండగే," అంది.

"బీమా దండగ కాలేదు. నేనే నోరు మూసుకుని దండగ చేశాను." మేస్త్రి తల ఎత్తలేదు. "దానికింకా మూడు కాళ్ళున్నాయి. పొట్టుంది, కళ్ళున్నాయి. వయసు మీద పడుతోంది. కట్టు. కాకపోతే కొత్త ఫారం తెప్పించు. ఈసారి నేను చెబుతాను, నువ్వు రాయి. కంపెనీవాళ్ళు ఆ కాలు వదిలేస్తామంటే వదిలేసుకోనీ. దానికి బీమా నేనే."

కూతురు ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న కుర్చీని బోర్లించి తన ముందుకి లాక్కుంది.

"ఎటువైపు నుంచి పీకాలి?" అంది.