పెరట్ల పత్తికట్టె పొగ

చిట్యాలల నా అంత గుండె ధైర్యమున్నోడు లేడు. లారీ నడిపిన రోజులల్ల విజయవాడ రోడ్డు మీద దెయ్యాలు చెయ్యెత్తితే, ఎక్కించుకొని కిరాయి వసూలు చేసినోన్ని. భిక్షం బండి అని తెలిస్తే అవే దూకి ఉరికేటియి. అసొంటి నేను ఒక నీళ్లపొయ్యికి భయపడ్డ.

మా కోడలు మమత పట్నంల కాలేజీల పని చేస్తది. సబ్బుపెట్టెలంత డబ్బాలు తెచ్చి ఊరంత గోడలకు బిగించింది. గాలిల పొగ, దుమ్ము అవి కొలుస్తయి. ఆ లెక్కలు చూసి నేర్చుకున్న కంప్యూటరు, రేపటి గాలి ఎట్లుంటదో ఇయ్యాలనే ఫోన్‌ల చెప్తది. నా మనుమరాలు సుహాసినికి ఉబ్బసం. పొగ తాకితే పెదవులు నీలమైతయి. అందుకే మా పెరట్ల, పొయ్యి మీది గోడకు సుత ఒక డబ్బా పెట్టింది.

పొయ్యి ముట్టియ్యకే అంటే మా ముసల్ది గుర్వమ్మ వింటేనా! అందరు లేవకముందే పత్తికట్టె ముట్టించి నీళ్లు కాగబెట్టేది, పిల్లకు కుంకుడుకాయతోటి తలకు పోసేది. "గీ సలిల పిల్లకు సల్లనీళ్లు పోస్తరా? మీరు మనుషులేనా?" అనేది. వానకాలం ఆఖర్ల ఆమె పోయింది. చేతి గాజులతోటే సాగనంపినం. పొయ్యి సల్లారింది.

అయినా ఫోన్‌ల దినాం అదే మాట. రేపు తెల్లారంగ పెరట్ల పొగ.

"అత్తమ్మ ముట్టించిన పొద్దులన్ని దానికి యాదికున్నయి మామా," అన్నది మమత కండ్లొత్తుకుంట. "మల్ల కొత్తగ నేర్పాలె. నాకే చేతులొస్తలేవు."

ముసల్దాన్ని నా తీరుగ మర్చిపోనిది ఇంట్ల ఇంకోటున్నదని సంబరపడ్డ.

కార్తీకంల ఒకనాడు మమత మొఖం పాలిపోయింది. "మామా... ఇది రేపటి మాట కాదు. ఇయ్యాల పొద్దుగాల డబ్బా నిజంగనే పొగ కొలిచింది." లోపల పిల్ల పిల్లికూతలతోటి ఎగపోస్తాంది.

మర్నాడు మసక ఎలుతురుల పెరట్ల కూసున్న. మంచు. ఎక్కడ్నో లారీల మోత. పొయ్యిల కట్టె లేదు, బూడిద లేదు. అయినా... పత్తికట్టె వాసన. పొయ్యి రాయి మీద చెయ్యి పెట్టిన.

కాలింది.

"గుర్వమ్మా..."

ఎవ్వరు కనవడలే గని, గాజులు జర గల్లుమన్నయి. ఊదుగొట్టంల ఊదినట్టు... ఒక ఊపిరి.

లోపల పిల్ల దగ్గు. దేవరకొండ గుట్టల చిరుతపులి చెవులు మెలిపెట్టినోన్ని, ఒక్క మాటకు నోరెండింది.

"పిల్లకు ఊపిరాడ్తలేదే... ఇగ పో. మల్ల రాకు."

గాజుల సప్పుడు ఆగింది. రాయి సల్లవడ్డది. పొయ్యి రాళ్లు పీకి, ఏడ్సుకుంట మోసి, రోడ్డవతల పారేసొచ్చిన.

ఇంట్లకొస్తే దగ్గు లేదు. పిల్ల మెత్తగ నిద్రపోతాంది. పక్కన మమత గోడకు ఒరిగి కూసున్నది. నిమురుదామని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిన. తడిగున్నది. కుంకుడుకాయ వాసన.

"తలకు పోసినవా బిడ్డా?"

"నేను ఇక్కడ్నుంచి లేవనే లేదు మామా..."

పిల్ల జుట్టుల నుంచి ఆవిరి లేస్తాంది... ఇంకా.