నున్నటి గీత

బీరువాలో పెట్టె ఉంది. పెట్టెలో చిప్ లేదు.

ఇన్‌స్పెక్టర్ పెట్టెను ముట్టుకోలేదు. వంగి చూసి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఐదో అంతస్తు. కింద సెక్యూరిటీ గార్డు ముందే చెప్పాడు.

"అదృష్టవంతులు సార్. పొద్దుట్నించీ లిఫ్ట్ చచ్చి పడుంది. రెండింటికి బాగైంది. ఆ మెకానిక్ మూడింటి దాకా దాన్ని ఆపకుండా పైకీ కిందకీ తిప్పుతూనే ఉన్నాడు. చూసేసరికి నా తల తిరిగింది."

"బీరువా ఎప్పుడు తెరుచుకుంది?" ఇన్‌స్పెక్టర్ గదిలోవాళ్లని అడిగాడు.

"రెండూ నలభైకి," అన్నాడు ల్యాబ్ హెడ్. "ఈ అమ్మాయి కార్డుతో. మూడింటికి చూసుకుని వెంటనే గేట్లు మూయించాను. ఎవరూ బయటికి పోలేదు."

ఆ అమ్మాయి డిజైన్ ఇంజనీర్. కిటికీ పక్కన నిలబడి ఉంది. చిప్ డిజైన్ ఆమెదే. నాలుగేళ్లు పట్టింది. పనిచేసేది ఒక్కటే వచ్చింది. రేపు ఉదయం దాన్ని కొనేవాళ్ల ముందు పెట్టాలి.

"కార్డు నీ దగ్గరే ఉందామ్మా?"

"లేదు సార్. కొలతల గదిలోకి వెళ్లేముందు ఫోనూ కార్డూ బయట ట్రేలో పడేస్తాం. పొద్దున పడేసి మర్చిపోయాను. మధ్యాహ్నం నా సీట్లోనే ఉన్నాను."

"చూసినవాళ్లు?"

"లేరు. అంతా మీటింగ్ హాల్లో ఉన్నారు."

హెడ్ గొంతు సవరించుకున్నాడు. "ఆరింటికల్లా చిప్ దొరక్కపోతే ఈమె పేరు మీదే కంప్లయింట్ ఇస్తాను. నాకింకో దారి లేదు."

ఐదున్నర అయింది.

మీటింగ్‌కి వెళ్లనివాడు ఇంకొకడున్నాడు. టెస్ట్ ఇంజనీర్. అందరూ వరండా ఆ చివరనున్న కొలతల గదికి నడిచారు, అతను అక్కడే ఉన్నాడు. ల్యాబ్‌లో అతన్ని ఉష్ గారు అంటారు. కొలత తీసేటప్పుడు ఎవరైనా దగ్గితే చాలు, వేలు పెదవుల మీద పెట్టి 'ఉష్' అంటాడు.

"నాకు మిషనే సాక్షి సార్," అన్నాడు. "రెండున్నర నుంచి మూడు దాకా ఈ గదిలోనే పాత బోర్డు కొలిచాను. గ్రాఫ్ మీద టైము కూడా పడింది. చెల్లెమ్మకి మతిమరుపు. ఆ కార్డు ఎవరి చేతిలో పడిందో, పాపం."

"అన్నయ్య అబద్ధమాడడు సార్," అంది ఆమె. "నాకు పని నేర్పింది ఆయనే."

అతను చూపిన గ్రాఫ్ మీద గీత నున్నగా కిందికి దిగింది. హెడ్ తొంగి చూశాడు.

"ఇంత శుభ్రమైన గ్రాఫ్ ఈ ల్యాబ్‌లో చూళ్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. "మీరిక్కడ కొలిచేదేంటో నాకు తలకెక్కేలా చెప్పు. నేను లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ని."

"బయట్నుంచి ఒక టిక్ టిక్ వస్తుంది సార్. మా సర్క్యూట్ తన టిక్ టిక్‌ని దాంతో పోల్చుకుని, తేడాని అంకెల్లో లెక్కగట్టి సరిదిద్దుకుంటుంది. డిజిటల్ ఫేజ్ లాక్డ్ లూప్ అంటే ఇదే. ప్రతి తేడాకీ ఉలిక్కిపడితే బయటి గోలంతా లోపలికొస్తుంది. మరీ బద్ధకిస్తే సొంత తడబాటు మిగిలిపోతుంది. ఆ రెంటికీ మధ్య చోటు వెతకడమే నా నాలుగేళ్ల పని. ఇంకా ఎంత గోల మిగిలిందో ఈ గీత చూపిస్తుంది."

గోడకి పాత గ్రాఫులు అంటించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ వాటి దగ్గరికి నడిచాడు. అన్నిట్లోనూ ఒకేచోట గీత మీద మొటిమ లేచింది.

"ఇదేంటి?"

"లిఫ్ట్ సార్. మోటారు ఈ గోడ వెనకే. అది తిరిగితే కరెంటు తీగలోంచి గోల వస్తుంది. దాన్ని మాత్రం ఇంకా ఆపలేకపోతున్నాం. లిఫ్ట్‌తో వేగలేక చస్తున్నాం."

ఇన్‌స్పెక్టర్ మొటిమ మీద వేలు ఆనించాడు. తర్వాత తనతో వచ్చిన కానిస్టేబుల్‌ని పిలిచాడు.

"లిఫ్టెక్కి పైకీ కిందకీ తిరుగు. నేను ఆపమనేదాకా."

టెస్ట్ ఇంజనీర్ వైపు తిరిగాడు. "ఉష్ గారూ, ఆ పాత బోర్డే ఇంకోసారి కొలవండి."

"ఇప్పుడా? దేనికి సార్?"

"నా సరదాకి."

గోడ అవతల మోత మొదలైంది. గదిలో నలుగురికీ వినిపించింది. తెర మీద గీత సగం దాకా నున్నగా వచ్చింది. అక్కడ మొటిమ లేచింది.

"రెండింటి నుంచి మూడింటి దాకా లిఫ్ట్ ఆగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గార్డు తల తిరిగింది. మీ గీత మాత్రం చెక్కు చెదరలేదు. మోత మీ చెవిని పడలేదు. లిఫ్ట్ ఇంకా చచ్చే ఉందనుకున్నారు. ఎందుకంటే అప్పుడు మీరీ గదిలో లేరు, బీరువా దగ్గరున్నారు. పొద్దున ట్రేలో ఈమె కార్డు చూసి తీసుకున్నారు. మిషన్ గడియారాన్ని ముందుకు తిప్పి, లిఫ్ట్ పనిచెయ్యని ఆ పూటే ఈ గ్రాఫ్ తీసి పెట్టుకున్నారు."

"నేనూ చూశానే దాన్ని," అన్నాడు హెడ్.

"చూసి మురిసిపోయారు. పగలూ రాత్రీ గోల కోసం వెతికేవాళ్లు మీరు. గోల లేని గ్రాఫ్‌ని మీరెందుకు అనుమానిస్తారు?"

ఉష్ గారు ఎవరి వైపూ చూడలేదు. పాత బోర్డు పెట్టె దగ్గరికి లాగి, అడుగున స్పాంజి ఎత్తాడు. చిప్ దాని కింద ఉంది.

"వేరే కంపెనీ పిలిచింది. చిప్‌తో రమ్మంది," అన్నాడు. "చెల్లెమ్మా, ఇది నీ మెడకి చుట్టుకుంటుందని నేను..."

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ఉష్," అంది.

చిప్ తీసి సాకెట్‌లో పెట్టింది. మొదటిసారి జారింది. రెండోసారి కూర్చుంది.

"రేపటికి కొత్త గ్రాఫ్ కావాలి సార్. ఇప్పుడే తీస్తాను. అరగంట పడుతుంది."

ఆరు కొట్టింది. హెడ్ కంప్లయింట్ మాట ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టర్ ఉష్ గారి మోచెయ్యి పట్టుకుని లిఫ్ట్ దాకా వచ్చాడు. కానిస్టేబుల్ లిఫ్ట్ ఆపి, లోపల్నుంచి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "రండి సార్."

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి కొలతల గది తలుపు చూశాడు. మోకాళ్లు ఓసారి రుద్దుకున్నాడు.

"దిగు," అన్నాడు కానిస్టేబుల్‌తో. "అరగంట దాకా దీన్ని ఎవర్నీ ఎక్కనివ్వకు. మేం మెట్ల మీంచి పోతాం."