"మా ఆయన" తాళం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా కట్టుడుపళ్లు కాకినాడ సముద్రంలో పడి కొట్టుకుపోవాలి. విను, కోడలుపిల్లా.

ఇంటింటికీ ఈ గేమ్ కన్సోల్ వచ్చిన కొత్తల్లో, ఒకరు కొన్న బిళ్ళ, అదే ఆట డిస్కు, ఇంకొకరు ఆడకూడదని కంపెనీవాళ్లు ఒక తాళం కనిపెట్టారు. బిళ్ళ కొనగానే యజమాని పేరు పైకి చెప్పాలి. ఆ పలుకు ఆన్‌లైన్‌లో సర్వర్‌కి చేరి బిళ్ళకి అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎప్పుడు పెట్టినా అదే మాట, అదే తీరులో వినబడాలి. లేదా, ఆ బిళ్ళ రాయితో సమానం.

మన కాలనీలో నాలుగువేలమంది ఆడవాళ్లం కొన్నాం. "యజమాని ఎవరు?" అంది యంత్రం. "మా ఆయన" అన్నాం, నాలుగువేలమందీ. మొగుడి పేరు పలికే అలవాటు మాకెక్కడిది?

అంతే! ఎవరి బిళ్ళ ఎవరింట్లో పెట్టినా తెరుచుకునేది. ఒక్క పడవపందెం బిళ్ళ వీధివీధీ తిరిగి, అరిగి అప్పడమైపోయింది.

కంపెనీ సైంటిస్టు శరభయ్య రెక్కలు కట్టుకుని వాలాడు.

"మామ్మగారూ, గొంతులో వెంట్రుకవాసి తేడా పట్టే యంత్రమండీ. ఎలా మోసపోయింది?"

"మోసం కాదు నాయనా. ఆ మాటలో మూడు పాళ్లు సిగ్గు, ఒక పాలు విసుగు. ఏ ఇంట్లోనైనా అదే కొలత."

మూడు రోజులు కొలిచాడు. నిజమే.

"అయితే గొంతు సంగతి వదిలేస్తాను. ఎవరైనా పలకచ్చు, కానీ రసీదులో ఉన్న యజమాని అసలు పేరే పలకాలి."

"నేను పలకను."

"మరి మీ బిళ్ళ మీకు తెరుచుకోదు."

తెరుచుకోలేదు. సరిగ్గా అప్పుడే మీ అమ్మ ఆన్‌లైన్‌లోకొచ్చి, "ఏం వదినగారూ, మీ పడవ ఇంకా రేవులోనే నానుతోందా?" అంటూ పందెం వేసింది. ఓడినవాళ్లు అవతలివాళ్ల పులిహోరే గొప్పదని బంధువులందరి ముందూ ఒప్పుకోవాలిట. నా పులిహోర! దాని వాసనకి ఓడలు దారి మళ్లేవి!

నిన్న పక్కింటి హైమవతి బిళ్ళ పెట్టి చూశా. యజమాని పేరా? "సోమసుందరం!" అని కేకేశా. పరాయి మొగుడి పేరుకి నాకేం సిగ్గు? చటుక్కున తెరుచుకుంది. గోడవతల నుంచి ఆయన "ఆఁ, వస్తున్నా!" అని చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టేశాడు.

శరభయ్య పుణ్యమా అని ఇప్పుడు కాలనీలో సొంత బిళ్ళ ఒక్కటీ తెరుచుకోదు. అరువు బిళ్ళలే తెరుచుకుంటాయి.

మీ అమ్మతో పందెం మొదలవడానికి ఇంకో పావుగంటే. ఇదిగో, మన బిళ్ళ హైమవతికిచ్చి ఆవిడది పట్రా. మన బిళ్ళ యజమాని పేరేమిటని ఆవిడ అడిగితే... ఏమిటా నసుగుడు? మావగారి పేరు నీ నోటా రాదూ? సరే, మన గేటు మీద పేరు బోర్డు చదువుకోమను. పద, పద!