పచ్చ లైట్ల అబద్ధం

స్కూటీ అద్దంలో ఒకే ఒక్క హెడ్‌లైట్.

దగ్గరవుతోంది...

ఇంకా దగ్గరవుతోంది!

కెరోలిన్ యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతుంది. సాయంత్రం ఏడు. డిసెంబరు చీకటి. గోదావరిఖని దాటిన రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు రేపిన దుమ్ము.

వెనక బైక్ మీద ఉన్నది లింగమూర్తి సార్. ఆమెకు పాఠం చెప్పే మనిషి. ఇందాక కాలేజీ మెట్ల మీద బ్యాగు పట్టుకుని ఆపబోయింది కూడా ఆయనే. విదిలించుకుని వచ్చింది.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పగలు బడిలో కంప్యూటర్ టీచర్. సాయంత్రాలు తన వయసులో సగం ఉన్న పిల్లల పక్కన కూర్చుని సైబర్ సెక్యూరిటీ కోర్సు చదువుతోంది. గనులు, కరెంటు కేంద్రాలు, నీటి పంపులు హ్యాకర్ల చేతిలో పడకుండా కాపాడే చదువు. ప్రాజెక్టు కోసం కమాన్‌పూర్ వైపున్న ఒక గని పంపుల డేటా చూసేందుకు కాలేజీకి అనుమతి ఉంది. చూడ్డానికే. ముట్టుకోవడానికి కాదు.

క్లాసు అయిపోగానే ఆ డేటా తెరిచింది.

మూడు పంపులూ తిరుగుతున్నాయి. మూడు లైట్లూ పచ్చగా ఉన్నాయి.

కరెంటు వాడకం మాత్రం... సున్నా!

ఎవరో చొరబడి పంపులు ఆపేశారు. తిరుగుతున్నట్టు తెర మీద పాత లెక్కలు పెట్టారు. గనిలో ఊట నీరు పెరుగుతోంది. బయటికొచ్చే దారిలో ఒక పల్లం ఉంది. అది నిండితే లోపలివాళ్లు లోపలే.

లోపల ఆరుగురు.

అందులో ఒకరు శాంతిరాజ్... ఆమె భర్త!

కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేస్తే ఆపరేటర్ సదయ్య ఎత్తాడు. అన్నీ పచ్చగానే ఉన్నాయన్నాడు. అంతలో ఫోన్ మేనేజర్ జగదీశ్వర్ చేతికి మారింది. లాప్‌టాప్ తీసుకుని నేరుగా తన దగ్గరికే రమ్మన్నాడాయన. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే దొంగ జాగ్రత్తపడతాడట.

దొంగెవరో తనకు తెలుసనే అనుకుంటోంది కెరోలిన్. పాస్‌వర్డ్లన్నీ ఉండేది లింగమూర్తి దగ్గరేగా!

ముందు టిప్పర్. ఎదురుగా ఇంకో టిప్పర్.

కళ్లు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకోదు. రెండింటి మధ్య నుంచి దూసుకుపోతుంది...

బైక్ వెనకే చిక్కుకుపోయింది.

గేటు. మెట్లు. కంట్రోల్ రూమ్.

లోపల జగదీశ్వర్ ఒక్కడే. సదయ్యను ఎక్కడికో పంపించేశాడు. లాప్‌టాప్ అందుకుని, తలుపుకు గొళ్లెం పెట్టాడు.

"కాపీ ఇంకెక్కడన్న ఉన్నదా?"

"లేదు సార్. ముందు పంపులు స్టార్ట్ చెయ్యిన్రి. మా ఆయన కింద ఉన్నడు."

"తెలుసు."



జగదీశ్వర్ కదలకుండా చెప్పుకుపోతాడు. పోయిన నెల గనిలో ఒక కాంట్రాక్టు కార్మికుడు చనిపోయాడు. ఆ రోజు గ్యాస్ అలారం ఆపించింది తనే. రేపు విచారణకు వచ్చే అధికార్లు ఆ చోటు చూస్తారు. నీళ్లు నిండితే చూడ్డానికేమీ ఉండదు.

"గీ ఆరుగురిని దింపుతరని నాకు తెల్వదు" అంటాడు మెల్లగా. "ఇప్పుడు స్టార్ట్ చేస్తే అంతా బయటపడ్తది."

కెరోలిన్ చూపు గోడ మీది పంపుల ప్యానెల్ వైపు. తెరను నమ్మలేనప్పుడు యంత్రం దగ్గరికే పోవాలి... క్లాసులో మొదటి వారం చెప్పిన పాఠం.

ఒక్క గెంతు!

ప్యానెల్‌లోని తాళంచెవిని 'రిమోట్' నుంచి 'లోకల్'కు తిప్పేసింది. బయటి నుంచి ఇక ఎవరూ ఆపలేరు. ఒకటి... రెండు... మూడు బటన్లు!

మీటరు సూది కదల్లేదు.

కదల్లేదు...

కదిలింది!

జగదీశ్వర్ ఆమె చెయ్యి మెలితిప్పాడు. అప్పటికే తాళంచెవి పీకి పిడికిట్లో బిగించేసింది. ఒక్కో వేలూ విరిచేస్తున్నాడు. తలుపు మీద ఎవరో బాదుతున్నారు. గొళ్లెం ఊడి ఎగిరిపడింది!

సదయ్య. ఇద్దరు గార్డులు. వాళ్ల వెనక... లింగమూర్తి.

జగదీశ్వర్ చటుక్కున చెయ్యి వదిలేశాడు.

"పట్టుకోండి. పంపులు ఆపింది ఈమెనే."

కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పాడు. పంపులు ఆగిన సమయం, సాయంత్రం ఆరు పది. ఆపినవారు... కెరోలిన్!

తన పేరే!

గార్డులు ఆమె రెక్కలు పట్టుకున్నారు.  

"వదలున్రి" అన్నాడు లింగమూర్తి, ఆయాసపడుతూ. "పిల్లల పాస్‌వర్డ్ల లిస్టు అనుమతి కోసం ఈ సారుకొక్కనికే ఇచ్చిన, వాటికి పంపులు ఆపే పర్మిషన్ ఇయ్యగలిగేది కూడా ఈయననే. పంపులు ఆపిన లాగిన్ నీ పేరున కనబడ్డది కెరోలిన్, గందుకే ఈడికి రావద్దమ్మా అని చెప్దామని నీ ఎనుక పడ్డ."

జగదీశ్వర్ ఏదో అనబోయాడు.

"ఆరు పదికి ఈమె నా క్లాసుల బోర్డు ముందట నిల్చున్నది సార్. ఇరవై మంది చూసిన్రు."

గార్డుల పట్టు వదులైంది. ఇప్పుడు వాళ్లు చూస్తున్నది జగదీశ్వర్‌ను.

గని ఫోన్ మోగింది. సదయ్య విని, రిసీవర్ కెరోలిన్ చెవి దగ్గర పెట్టాడు. అవతల నీళ్ల చప్పుడు. రొప్పు. తర్వాత శాంతిరాజ్ గొంతు.

"ఆరుగురం పల్లం దాటినం. పంపులు ఎవరు స్టార్ట్ చేసిన్రు?"

"నేనే" అంది కెరోలిన్.

తాళంచెవి ఉన్న పిడికిలి తెరవబోయింది. వేళ్లు మాట వినలేదు.