ఏడు నిమిషాల దూరం

నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కింద నిలబడ్డ గంటమ్మకు ఆ సాయంత్రం మూడు భయాలున్నాయి. ఒకటి, పైకెక్కిన గడియారాల మెకానిక్ కాలు జారి పడతాడని. రెండు, పడ్డవాడు సరిగ్గా తన నెత్తినే పడతాడని. మూడు, పడకుండా పైనే ఉండి తన కూతురితో మాటలు కలుపుతాడని.

మొదటి రెండూ జరగలేదు.

"ఎక్కేముందు ఒక్కసారి దేవుణ్ణి తలుచుకోవాల్సింది," అంటోంది పైన కూతురు.

"స్క్రూడ్రైవర్ని తలుచుకున్నానండీ. మర్చిపోతే మళ్ళీ దిగాలి."

"వెటకారమా?"

"కాదండీ, అనుభవం."

గంటమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. భర్త పోయాక ప్రార్థన మందిరంలో గంట కొట్టే పని, మందిరం వెనక చిన్న గది ఆమెకు దక్కాయి. మోకాళ్ళు మొరాయించాక పైకెక్కి గడియారం తుడిచేది కూతురే. ఆ పిల్ల పగలంతా కళ్ళద్దాల షాపులో జనానికి చూపు పరీక్షిస్తుంది. ఎదుటివాడి కళ్ళలోకి అంత దగ్గరగా చూసే ఉద్యోగం ఆడపిల్లకెందుకని గంటమ్మ మొదట్లో మూడు రోజులు అన్నం మానేసింది.

వీధికి అటువైపు ఇంకో మందిరం ఉంది. దేవుడు ఒకడే, పాటలూ అవే. ముప్పై ఏళ్ళ కిందట ఇద్దరు అన్నదమ్ములు, సాయంత్రం ఆరింటి ప్రార్థనకు ఎవరి గడియారం సరైనదన్న దగ్గర మాటామాటా పెరిగి విడిపోయారు. అన్న పెద్దాయన ఇటు, తమ్ముడు చిన్నాయన అటు. ఇటు గంట మోగిన ఏడు నిమిషాలకు అటు మోగుతుంది. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక కూడా "ఫోను టైము మనుషులది, మందిరం టైము దేవుడిది" అన్నారు ఇద్దరూ. ముప్పై ఏళ్ళలో వాళ్ళు ఏకీభవించింది ఆ ఒక్క ముక్క మీదే. ఇటు పిల్లను అటు ఇవ్వరు, అటు పిల్లను ఇటు తెచ్చుకోరు.

ఇప్పుడు నిచ్చెన మీదున్నవాడు చిన్నాయన మనవడు. పైగా రెండు మందిరాల్లో దేనికీ పోడు. పాత గడియారం విప్పడం తెలిసినవాడు ఊళ్ళో అతనొక్కడే కాబట్టి ఇద్దరూ పిలవక తప్పలేదు.

"మీ దేవుడికి వాచీ ఉందాండీ?" అంటున్నాడు పైన.

"ఎందుకు?"

"ఏడు నిమిషాలు అటూఇటూ అయితే పలకడుట కదా."

"అది వీళ్ళ దేవుడు. నా దేవుడు ఎప్పుడు పిలిచినా పలుకుతాడు. షాపులో బేరాల్లేనప్పుడు నేనూ ఆయనా బోలెడు మాట్లాడుకుంటాం."

"ఏమంటాడేంటి?"

"ఏమీ అనడు. వింటాడు. మీలా మధ్యలో అడ్డురాడు."

పైనుంచి ఇద్దరి నవ్వూ ఒకేసారి వినిపించింది. గంటమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె దేవుడు వేరు. పరీక్ష హాల్లో తిరిగే మాస్టారు లాంటివాడు. చప్పుడు చెయ్యని చెప్పులేసుకుని వెనకనుంచి వచ్చి, సరిగ్గా తప్పు రాస్తున్నప్పుడే భుజం మీద చెయ్యి వేస్తాడు.

"పాత గడియారం ఆంటీ," అన్నాడు దిగి వచ్చిన మెకానిక్, చేతులు తుడుచుకుంటూ. "వారం వారం వచ్చి చూడకపోతే ఆగిపోతుంది."

"వారం వారమా? దానికేమైనా ముదిరిన జబ్బా బాబూ?"

"కొంచెం గుండె బలహీనం," అన్నాడతను, ఆమె కూతుర్ని చూస్తూ.

అలా ఏడు వారాలు వచ్చాడు. వచ్చినప్పుడల్లా పైన వాదనే. ఆమె ఉన్నాడంటుంది, అతను లేడంటాడు. లేని దేవుడి గురించి ఇంతసేపు మాట్లాడేవాణ్ణి గంటమ్మ ఎక్కడా చూడలేదు. ఒకసారి వాన మొదలైతే ఆ పిల్ల గొడుగు తీసుకెళ్ళి గడియారానికి పట్టింది. ఆ గొడుగు కింద మెకానిక్ కూడా ఉన్నాడు.

ఈలోగా గంటమ్మకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆమె గంట కొట్టి తాడు వదిలి, చెంగుతో చేతులు తుడుచుకునేసరికి ఆరింటి బస్సు మలుపు తిరిగేది. ఎన్నేళ్ళ నుంచో అంతే. ఇప్పుడు ఆమె తాడు పట్టుకోకముందే బస్సు వెళ్ళిపోతోంది. గడియారం చూస్తే ఆరే. తప్పకుండా తన బుర్రకే ఏదో అయిందనుకుంది. ఎవరికైనా చెబితే ఆస్పత్రికి తీసుకుపోతారని నోరు నొక్కేసుకుంది.

ఏడోసారి అతను వచ్చి వెళ్ళిన మర్నాడు గంటమ్మ తాడు లాగింది. ఇటు గంట మోగింది. అదే క్షణాన అటు గంటా మోగింది.

వీధి వీధంతా కొయ్యబారిపోయింది. చేతిలో సంచీతో ఒకావిడ రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది. పెద్దాయన ఇటు మెట్ల మీదికి, చిన్నాయన అటు మెట్ల మీదికి వచ్చారు. ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరు ముందు కదిలారో ఎవరూ చెప్పలేరు కానీ, వీధి మధ్యలో ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు.

"మహిమ!" అన్నారెవరో. మర్నాడు రెండు మందిరాలూ కలిసి ప్రార్థన చేయాలని తీర్మానించారు.

ఆ మర్నాడు పొద్దున్నే గడియారం తుడవడానికి కూతురు పైకెక్కింది. మెకానిక్ కూడా ఏదో వంకతో వచ్చి ఎక్కాడు. గంటమ్మ మామూలుగానే నిచ్చెన పట్టుకుంది.

"ఇదేంటి?" అంది కూతురు. ఆ గొంతు విని గంటమ్మ తలెత్తి చూసింది.

రిపేరు చేసిన తేదీ, చేసిన పనీ గడియారం తలుపు లోపల పెన్సిల్‌తో రాసిపెట్టడం ఆ పనివాళ్ళ అలవాటు. దొంగపని చేసినా ఆ అలవాటు పోలేదు.

"అర నిమిషం వెనక్కి. అర నిమిషం వెనక్కి. ఏడుసార్లు!" చదివింది కూతురు. "అక్కడ?"

"అక్కడ అర నిమిషం ముందుకి. ఏడుసార్లు."

"దేవుడి పేరు చెప్పి ఇంత మోసమా?"

"నేను దేవుడి పేరు ఎత్తనే లేదు. ఎత్తింది వాళ్ళు."

"ఎందుకు చేశారిదంతా?"



"ఏడు నిమిషాల దూరం ఉంటే మా తాత మీ ఇంటికి సంబంధం అడగడానికి రాడుగా," అన్నాడు మెకానిక్.

గంటమ్మ చేతుల్లో నిచ్చెన వణికింది. పైన ఇద్దరూ "అమ్మా!", "ఆంటీ!" అని అరిచారు.

"నా దేవుడికి మీ స్క్రూడ్రైవర్ సాయం అక్కర్లేదు," అంది కూతురు చివరికి, గొంతు తగ్గించి. "వాళ్ళకి నిజం చెప్పండి. చెప్పాకే నాకు కనపడండి."

"చెబితే వాళ్ళు మళ్ళీ విడిపోతారు. అప్పుడు మన సంగతి?"

"చెప్పకపోతే మన సంగతే లేదు."

గంటమ్మ కింద లెక్క వేసుకుంది. చెబితే సంబంధం పోతుంది, దానితోపాటు, దొంగపనికి నిచ్చెన పట్టినందుకు తన గంటా, గదీ పోతాయి. చెప్పకపోతే ఆ పిల్ల జన్మలో ఇంకొకడి వంక చూడదు. ఆ మొండితనం తనది కాదు, వాళ్ళ నాన్నది.

సాయంత్రం నాలుగింటికి రెండు మందిరాల జనం ఒక్కచోట కూర్చున్నారు. మెకానిక్ లేచి నిలబడ్డాడు. పెన్సిల్ రాతల దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు.

"మహిమా లేదు, ఏమీ లేదు. ముల్లు జరిపింది నేను. ఇంకో మాట కూడా ఉంది. అసలు టైముకి ఇప్పుడు రెండు గడియారాలూ రెండేసి నిమిషాలు వెనకున్నాయి."

గంటమ్మ కళ్ళు మూసుకుంది.

"ముప్పై ఏళ్ళుగా దానికి కీ ఇస్తున్నవాణ్ణి," అన్నాడు చిన్నాయన గొంతు సవరించుకుంటూ. "ముల్లు జరిగితే నాకు తెలీదుట్రా? రెండో వారమే కనిపెట్టాను."

"మరి నోరెత్తలేదేం?" అన్నాడు పెద్దాయన.

"నువ్వెందుకు ఎత్తలేదు?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "నేను మూడో వారం కనిపెట్టాను. ఎత్తితే మళ్ళీ వెనక్కి తిప్పేస్తాడేమోనని..."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మందిరమంతా పకపకలే.

"తాతయ్యా, ఇప్పుడు సరైన టైము పెట్టేదా?" అన్నాడు మెకానిక్.

"ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతా!" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి. "రెండూ కలిసి తప్పయితే మాకేం ఫరవాలేదు," అన్నాడు చిన్నాయన.

ఆ ఊపులోనే చిన్నాయన లేచి గంటమ్మ గదికి సంబంధం అడగడానికి వచ్చేశాడు. వెనకే మనవడు. గంటమ్మ ఉన్న రెండు కుర్చీలూ వేసి, తను తలుపుకి ఆనుకుని నిలబడింది. కూతురు నిచ్చెనెక్కి పైకి పారిపోయింది. గడియారం తుడవాలట!

"ఒక్క మాట అడుగుతాను బాబూ," అంది గంటమ్మ. "నువ్వా, దేవుణ్ణి నమ్మవు. రేపు నా పిల్లకి ఏ జ్వరమో వస్తే, ఏ బస్సో గుద్దితే, ఇంటి పైకప్పు కూలితే, నువ్వు ఎవర్ని పిలుస్తావు?"

మెకానిక్ క్షణం కూడా ఆలోచించలేదు.

"ముందు మిమ్మల్నే పిలుస్తానత్తయ్యా. జరగబోయేవన్నీ మీకు ముందే తెలుస్తాయిగా."

చిన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గంటమ్మ కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఆ అత్తయ్యా అన్న పిలుపు చెవిలో తిరుగుతూ ఉండిపోయింది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. చక్కెర వేసిందో లేదో గుర్తులేక ఇంకోసారి వేసింది.

అంతలో ఆరయింది, ఎదుటి మందిరం గంట మోగింది.

"అమ్మా! మన గంట!" పైనుంచి కూతురు అరుపు.

గంటమ్మ మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరుగెత్తింది. వెనకనుంచి వచ్చి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తారేమోనని అలవాటుగా ఆగింది. ఎవరూ వెయ్యలేదు. తాడు అందుకుని, ఎంత ఆలస్యమైందో గడియారం వంక చూడకుండానే, నవ్వుతూ లాగింది.