ఖాళీ గది చప్పుడు

అక్క పోయినప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. ఆ సాయంత్రం తన గదిలో, తన కుర్చీలోనే కూర్చుని తన ల్యాప్‌టాప్ తెరిచాను.

"మీ బావ వచ్చి నా ల్యాప్‌టాప్ పట్టుకుపోతాడే. పోనీ. కానీ ఒక్క అక్షరం కూడా ఆయన కంట పడకూడదు," అంది అక్క, ఆసుపత్రిలో ఉన్నప్పుడు.

"అంతా చెరిపేస్తానక్కా."

"వద్దు. తాళం వెయ్యి."

ఎందుకని అడగలేదు. సరేనని మాటిచ్చాను. బావగారు ఇప్పుడు దారిలో ఉన్నారు.

కంప్యూటర్లకి తాళాలు వెయ్యడమే నా ఉద్యోగం. డిస్కు మొత్తాన్ని ఎవరూ చదవలేనట్టు చెయ్యాలంటే ఎవరి ఊహకీ అందని అంకెలు కావాలి. నేను వాటిని మైకుతో పడతాను. ఖాళీ గదిలో కూడా మైకుకి ఏదో సన్నటి రొద వినిపిస్తుంది. దానికి తలా తోకా ఉండదు, దాంట్లోంచి తీసే అంకెలకీ ఉండదు. అందుకే తాళం గట్టిగా పడుతుంది.

కిటికీ మూసి, ఫ్యాను ఆపి, మైకు పెట్టాను.

"పనికిరాదు. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వస్తోంది," అని తెర మీద పడింది.

గోడ గడియారం బ్యాటరీ తీసేశాను. మళ్లీ అదే మాట. విసుగొచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

పీల్చడం... ఆగడం... వదలడం...

నాదేనేమోనని ముక్కు మూసుకున్నాను. అది ఆగలేదు. పీల్చడం... ఆగడం... మధ్యలో చిన్న కీచు. ఆఖరి వారమంతా మంచం పక్కన కూర్చుని విన్న కీచే. అదెవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

భయపడాల్సిందే. కానీ ఒళ్లంతా మొద్దుబారిపోయింది. ఆ భయం పక్కగదిలో ఇంకెవరికో వేస్తున్నట్టుంది.

"అక్కా," అన్నాను మెల్లగా. "కాసేపు ఊరుకోవే. ఇలాగైతే తాళం పడదు."

ఊరుకోలేదు.

కాలింగ్ బెల్ మోగింది.

చెవుల్లో ఆ ఊపిరి టక్కున ఆగిపోయింది. ఆయన ఇంటికొచ్చే వేళకి అక్క ఎప్పుడూ అలాగే బిగుసుకుపోయేది. ఇయర్‌ఫోన్లలో వట్టి రొదే మిగిలింది. తాళం పడింది. ఆ అంకెలే దాని తాళంచెవి, వాటిని నేను ఎక్కడా రాసి ఉంచుకోలేదు.

బావగారు లోపలికొచ్చి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకున్నారు.

"పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

"తెలీదు బావగారూ."

"సర్లే. ఎవడో ఒకడితో తీయిస్తాను."

ఇక ఎవరివల్లా కాదు. మాట నిలబెట్టుకున్నాను, అంతే. సంతోషమేమీ కలగలేదు.

ఆయన మెట్లు దిగుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. మైకు లేదు. ఇయర్‌ఫోన్లు లేవు. అయినా వినిపించింది.

పీల్చడం... వదలడం...

మధ్యలో ఆగడం లేదు. కీచు లేదు. ఆయన వెనకే, ఒక్కో మెట్టూ దిగుతోంది.

మలుపు దగ్గర బావగారు ఆగారు. అదీ ఆగింది.

"నువ్వెందుకమ్మా నాతో దిగడం? ఇంట్లో ఉండు," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

నేను గుమ్మంలోనే ఉన్నాను.